రాయకుండా వదిలేసిన వాటి గురించి: సినిమా, టీవీ విమర్శకులకు బహిరంగ లేఖ

తెలుగులో సినిమాల మీద, టీవీ మీద రాసే మిత్రులకు, ఆ పేజీలు చూసే సబ్ ఎడిటర్లకు,

నమస్కారం.

పదమూడేళ్ళుగా నేను సినిమా రివ్యూలు రాస్తున్నాను. మీలో చాలామందిని ప్రెస్ షోల దగ్గర, ఇంటర్వెల్లో టీ తాగుతూ కలిశాను. ఈ ఉత్తరంలో చెప్పే తప్పులన్నీ నేనూ చేసినవే. అందుకే "మీరు" అనకుండా "మనం" అంటాను.

మొన్న సంక్రాంతికి మా ఇంట్లో జరిగిన మాటతో మొదలుపెడతాను. మా అత్తమ్మకి డెబ్బై మూడేళ్ళు. నల్లగొండ దగ్గర పల్లె నుంచి వచ్చి, ముప్పై ఏళ్ళుగా రాంనగర్‌లో మాతోనే ఉంటున్నారు. మోకాళ్ళ ఆపరేషన్ అయ్యాక బయటికి వెళ్ళడం తగ్గింది. సాయంత్రం ఆరున్నరకి టీవీ ముందు కూర్చుంటే తొమ్మిదిన్నర దాకా లేవరు. ఆ వారం నేనొక సినిమాను విమర్శిస్తూ "సీరియల్ ఏడుపు" అని రాశాను. మా అబ్బాయి ఆ రివ్యూని పైకి చదివి వినిపించాడు. అత్తమ్మ విని, కాసేపాగి, "నువ్వు ఒక్క సీరియలన్న మొత్తం చూసినవా బిడ్డా?" అని అడిగారు.

చూడలేదన్నాను.

"చూడకుండ ఎట్ల రాస్తవు?"

కోపంతో అడగలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి నా పాత రివ్యూలన్నీ బయటికి తీశాను. ఆరు వందల పైచిలుకు ఉన్నాయి. టీవీ గురించి రాసినవి నాలుగే నాలుగు. వాటిలో మూడు, పెద్ద హీరోలు యాంకర్లుగా చేసిన షోల గురించి. సీరియల్ మీద ఒక్కటీ లేదు. పిల్లల షోల మీద లేదు. రోజూ మా ఇంట్లో, పక్కింట్లో, మా వీధి చివర కిరాణా కొట్టులో మూడు గంటలు నడిచేదాని గురించి పదమూడేళ్ళలో ఒక్క పేరా కూడా రాయలేదు.

ఎందుకు రాయలేదా అని ఆలోచిస్తే తేలింది ఒకటే. దేని గురించి రాయాలో ఆ పదమూడేళ్ళలో నేను ఎంచుకున్నదే లేదు. శుక్రవారం ఏ సినిమా వస్తే దాని గురించి రాశాను. రెండు వస్తే పెద్ద హీరోది రాశాను. ఎవరి సినిమా ఎప్పుడు విడుదల అవ్వాలో నిర్మాతలు, డిస్ట్రిబ్యూటర్లు కూర్చుని నిర్ణయిస్తారు. అంటే నేను దేని గురించి ఆలోచించాలో కూడా వాళ్ళే నిర్ణయించారన్నమాట. సినిమాకి రెండున్నర ఇవ్వాలా మూడివ్వాలా అన్నంత వరకే నా స్వేచ్ఛ. మనలో చాలామంది పరిస్థితి ఇదేనని నా నమ్మకం.

సీరియళ్ళ సంగతే తీసుకుందాం. వంటలక్క అంటే తెలియని తెలుగు ఇల్లు ఉండదు. ఆమె నాయికగా ఉన్న "కార్తీకదీపం" 2017లో మొదలై 2023 జనవరి దాకా నడిచింది. 1500కు పైగా ఎపిసోడ్లు. ప్రకటనలు పోను ఒక్కోటి 20 నిమిషాలే అనుకున్నా 500 గంటలు. రెండున్నర గంటల సినిమాలు 200 చూసినంత. వారానికొక సినిమా చొప్పున నాలుగేళ్ళ పాటు మనం రాసే రివ్యూలన్నిటికీ సరిపడా కథ, సంభాషణ, నటన ఆ ఒక్క సీరియల్లో ఉన్నాయి. దాని మీద నా కంట పడినవి మీమ్‌లు, ట్రోల్ వీడియోలు. "డాక్టర్ బాబూ, డీఎన్ఏ టెస్టు చేయించుకోవచ్చు కదా" అని ఊరంతా నవ్వుకుంది. నేనూ నవ్వాను. ఆ నవ్వు దగ్గర మనలో ఎవరైనా కాస్త ఆగి ఆలోచించి ఉండాల్సింది. భర్త డాక్టర్. పుట్టిన పిల్ల తనది కాదని అనుమానం. ఒక్క పరీక్షతో తేలిపోయే విషయాన్ని ఏళ్ళ తరబడి తేల్చకుండా, ఆ భారమంతా భార్య మీద వేసి నడిపారు. నిర్దోషినని ఆమే నిరూపించుకోవాలి. సీత కాలం నుంచి ఉన్న అగ్నిపరీక్షే, రోజుకు 20 నిమిషాల చొప్పున సాగింది. కోట్లమంది ఆడవాళ్ళు దాన్ని ఎందుకు అంత ఇష్టంగా చూశారు? వాళ్ళ ఇళ్ళలో అలాంటి అనుమానం ఎప్పుడో ఒకప్పుడు తగిలి ఉండబట్టా? చివరికి ఆమె గెలుస్తుందన్న నమ్మకంతోనా? విమర్శ రాసే మనిషి అడగాల్సిన ప్రశ్నలివి. మనం నవ్వేసి వెళ్ళిపోయాం.

రంగు సంగతి ఇంకా పెద్దది. నల్లగా పుట్టినందుకు అవమానాలు పడ్డ అమ్మాయి కథ అది. మలయాళంలో 2014లో మొదలైన సీరియల్‌కి రీమేక్. నలుపు తప్పు కాదని చెప్పే ఆ కథలో నాయిక పాత్రను, నటి ముఖానికి నల్లరంగు మేకప్ వేసి చేయించారు. నిజంగా నల్లగా ఉన్న తెలుగు అమ్మాయికి ఆ వేషం ఎందుకు ఇవ్వలేదు? ఆ సీరియల్ నడుస్తున్న రోజుల్లోనే, 2020లో, మన దేశంలో అందరికీ తెలిసిన ఫెయిర్‌నెస్ క్రీమ్ తన పేరులోంచి "ఫెయిర్" తీసేసింది. ప్రపంచమంతా ఈ మాట మీద చర్చ జరుగుతున్నప్పుడు మన కళ్ళ ముందు, మన భాషలో, రోజూ ఏడున్నరకు ఒక ఉదాహరణ నడిచింది. దాని మీద పెద్ద వ్యాసం ఎవరైనా రాస్తే ఎంత బాగుండేది. నేను రాసి ఉండాల్సింది.

ఇంకొకటి. సినిమా థియేటర్‌కి రావాలంటే సెన్సార్ సర్టిఫికెట్ కావాలి. 2023లో చట్టాన్ని సవరించి, పిల్లలు పెద్దల మార్గదర్శకత్వంలో చూడొచ్చని ఇచ్చే యూఏ సర్టిఫికెట్‌ని కూడా ఏడేళ్ళు, పదమూడేళ్ళు, పదహారేళ్ళు అని వయసులవారీగా విడగొట్టారు. సీరియల్‌ని ప్రసారానికి ముందు అలా ఎవరూ చూడరు. కేబుల్ టీవీ చట్టం కింద ప్రోగ్రామ్ కోడ్ ఉంది. 2011 నుంచి చానెళ్ళు తమకు తామే పెట్టుకున్న ఫిర్యాదుల మండలి ఉంది. రెండూ ప్రసారమయ్యాక, ఎవరైనా ఫిర్యాదు చేస్తే కదిలేవి. సీరియళ్ళకి సెన్సార్ పెట్టమని నేను అడగడం లేదు, నాకది ఇష్టం కూడా లేదు. ముందు చూసి చెప్పేవాళ్ళు లేనప్పుడు తర్వాత చూసి చెప్పేవాళ్ళైనా ఉండాలి కదా. ఆ పని మనది. చానెళ్ళ దగ్గర ప్రస్తుతానికి ఉన్న కొలత టీఆర్పీ ఒక్కటే. దేశం మొత్తం మీద 50,000 పైచిలుకు ఇళ్ళలో మీటర్లు పెట్టి, వారానికోసారి లెక్క చెబుతారు. ఎంతమంది చూశారో ఆ లెక్క చెబుతుంది. చూస్తూ ఏమనుకున్నారో చెప్పదు.

ఏమనుకుంటారో నాకిప్పుడు కొంచెం తెలుసు. సంక్రాంతి తర్వాత రెండు నెలలు అత్తమ్మ పక్కన కూర్చుని చూశాను. ఆమె నోరు మూసుకుని చూసే మనిషి కాదు. "గంత పెద్ద ఇల్లు, ఒక్కలన్న గిన్నెలు కడగంగ చూసినవా?" అన్నారు ఒకరోజు. నిజమే. పదిమంది ఉన్న ఆ ఇంట్లో వంటగది ఉంది, పాయసంలో విషం కలపడానికి. అంట్లు లేవు, బట్టలు ఉతకడం లేదు, గ్యాస్ అయిపోవడం లేదు. అత్తాకోడళ్ళు పడే గొడవంతా ఆస్తి కోసం, కుర్రాడి కోసం. నిజం ఇళ్ళలో అత్తాకోడళ్ళకి మాటా మాటా వచ్చేది ఎక్కువగా పని దగ్గరే. ఆ పనిని తెర మీద నుంచి తీసేశారు కాబట్టి కోడలు మంచిదైనా చెడ్డదైనా అయిపోతుంది, అలిసిపోయిన కోడలు మాత్రం కనపడదు. ఈ మాట అత్తమ్మ చెప్పేదాకా నాకు తట్టలేదు.

ఇంకోరోజు, "పనామె మాట్లాడితే మన బాస, దొరసాని మాట్లాడితే ఆల్ల బాస, గదేందో" అన్నారు. తెలుగు సినిమాలో రౌడీకి, కమెడియన్‌కి తెలంగాణ యాస పెట్టి, హీరోకి కోస్తా భాష పెట్టడం మీద ఉద్యమకాలంలో ఎంతో వాదన జరిగింది. రాష్ట్రం వచ్చాక హీరోలు, హీరోయిన్లు మన యాసలో మాట్లాడే సినిమాలు వచ్చాయి. 2023లో పల్లెల్లో తెర కట్టి ఊరు ఊరంతా కూర్చుని ఏడ్చిన "బలగం" సినిమా కూడా చూశాం. వెండితెర మీద ఆ వాదన కొంత గెలిచాం కదా అని ఊరుకున్నాం. మా హాల్లో అత్తమ్మ చూసే టీవీలో అది ఇంకా మొదలే కాలేదు. హైదరాబాద్‌లో షూటింగ్ చేసే సీరియళ్ళ ఇళ్ళలో హైదరాబాద్ మాట ఎక్కడుంది?

ఒక సబ్ ఎడిటర్ మిత్రుడికి ఈ విషయాలు రాస్తానని ఫోన్ చేశాను. "సీరియల్ గురించి ఎవరు చదువుతారండీ, చూసేవాళ్ళు చదవరు, చదివేవాళ్ళు చూడరు" అన్నాడు. మంచి మనిషి, పేజీ లెక్కలు చూసుకుని అన్న మాటే. కానీ మా అత్తమ్మ రోజూ పేపరు మొదటి అక్షరం నుంచి చివరి దాకా చదువుతారు. మా కిరాణా కొట్టు ఆమె కూడా చదువుతుంది. వాళ్ళు చూసేదాని గురించి గౌరవంగా మాట్లాడే పేరా మన పేజీలో కనిపించలేదు కాబట్టి ఆ పేజీ తిప్పేస్తున్నారు.

ఇక పిల్లల డాన్స్ షోలు. మా వీధిలో బ్లౌజులు కుట్టే ఒకామె కూతురికి ఎనిమిదేళ్ళు. చక్కగా ఆడుతుంది. ఒక చానెల్ ఆడిషన్‌కి తీసుకెళ్ళారు. పొద్దున ఏడింటికి మేకప్ వేసి కూర్చోబెడితే రాత్రి పదకొండు దాటాక పిలిచారట. ఆడిన పాట పెద్దవాళ్ళు కూడా ఇంట్లో పాడుకోవడానికి మొహమాటపడే పాట. పిల్ల ఎంపిక కాలేదు. మూడు రోజులు జ్వరం. నాలుగో రోజు, "నేను నడుము సరిగ్గా తిప్పలేదమ్మా, అందుకే తీసుకోలేదు" అని వాళ్ళమ్మతో అంది. ఆ తల్లి నాకిది చెప్పి, "మీరు సినిమాల గురించి రాస్తరు కదా మేడం, గిసువంటియి రాయరా?" అని అడిగింది.

చట్టంలో ఏముందో అప్పుడు వెతికి చదివాను. మనందరికీ తెలిసి ఉండాల్సినవి అందులో ఉన్నాయి. 2016లో బాలకార్మిక చట్టాన్ని సవరించినప్పుడు కళాకారులుగా పనిచేసే పిల్లలకి మినహాయింపు ఇచ్చారు, 2017 నియమాల్లో షరతులు పెట్టారు. పిల్లల చేత రోజుకి ఐదు గంటలకి మించి పని చేయించకూడదు. విరామం లేకుండా మూడు గంటలు దాటకూడదు. వరసగా 27 రోజులకి మించకూడదు. షూటింగ్‌కి జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి తీసుకోవాలి. ప్రతి ఐదుగురు పిల్లలకీ కనీసం ఒక బాధ్యుడిని పెట్టాలి. వచ్చిన డబ్బులో కనీసం 20 శాతం ఆ బిడ్డ పేరు మీద బ్యాంకులో ఫిక్సెడ్ డిపాజిట్ చేయాలి. పిల్లల చేత అసభ్యంగా, వయసుకు తగని విధంగా ఆడించవద్దని 2019 జూన్‌లో కేంద్ర సమాచార ప్రసార శాఖ చానెళ్ళన్నిటికీ సూచన పంపింది. ఇవన్నీ దగ్గర పెట్టుకుని ఒక్క షో సీజన్ మొత్తం చూసి రాస్తే, అది వంద రివ్యూల పెట్టు. జడ్జి ఏం కట్టుకొచ్చింది, ఎవరు ఏడ్చారు అనే వార్తలకి మాత్రం చోటు దొరుకుతోంది.

సినిమాల దగ్గరికి వస్తాను. సినిమాలు వదిలేయమని నేను అనడం లేదు, వాటిలో కూడా మనం వదిలేస్తున్న విషయాలున్నాయి.

2024 డిసెంబర్ 4 రాత్రి ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో, సంధ్య థియేటర్ దగ్గర ప్రీమియర్ షోకి వచ్చిన జనంలో తొక్కిసలాట జరిగింది. సినిమా చూద్దామని పిల్లలతో వచ్చిన ఒక తల్లి చనిపోయింది. కొడుకు చావు బతుకుల మధ్య నెలల తరబడి ఆసుపత్రిలో ఉన్నాడు. మా ఇంటి నుంచి అక్కడికి నడిచి వెళ్ళొచ్చు. ఆ రాత్రి నేను ఆ సినిమా రివ్యూ రాసే పనిలో ఉన్నాను. పొద్దున విషయం పూర్తిగా తెలిశాక నా పాత రివ్యూల్లో వాడిన మాటలు గుర్తొచ్చాయి. "థియేటర్ దద్దరిల్లింది." "ఫ్యాన్స్‌కి పూనకాలే." "ఈ సీన్‌కి సీట్లలో కూర్చోలేరు." ఒక హాల్లో వెయ్యిమంది ఒళ్ళు మరిచిపోవడాన్ని నేను సినిమా గొప్పతనానికి కొలతగా వాడాను, ఒకటి రెండుసార్లు కాదు. ఆ జనం ఎలా లోపలికొస్తారు, ఎలా బయటికెళ్తారు, గేట్లు ఎన్ని, పిల్లలతో వచ్చిన ఆడవాళ్ళు ఎక్కడ నిలబడతారు అనేవి సినిమా విమర్శలో భాగమని అనుకోలేదు. బెనిఫిట్ షో అనేది మన నగరంలో ఎంతో కాలంగా ఉన్న అలవాటు. దాని మీద ముందే రాసి ఉంటే ఆ ప్రాణం దక్కేదని నేను చెప్పలేను. రాయాల్సిన విషయం మాత్రం ఎప్పటి నుంచో మన ఎదురుగానే ఉంది.

ఎన్‌కౌంటర్ కూడా అంతే. ఎన్ని తెలుగు సినిమాలు విలన్‌ని పోలీసు కాల్చి చంపడంతో ముగిశాయో లెక్కపెట్టండి. మనం రాసేది ఏమిటి? "క్లైమాక్స్ మాస్‌కి కనెక్ట్ అవుతుంది." 2019 డిసెంబర్ 6 తెల్లవారుజామున షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో ఒక దారుణమైన కేసులో నిందితులైన నలుగురు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. జనం అక్కడికి వెళ్ళి పోలీసుల మీద పూలు చల్లారు. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ 2022లో నివేదిక ఇచ్చింది. చంపాలన్న ఉద్దేశంతోనే కాల్పులు జరిపారని, 10 మంది పోలీసుల మీద హత్య విచారణ జరగాలని అందులో చెప్పింది. ఆ పూలు చల్లిన చేతులకి సినిమా ఏమీ నేర్పలేదని ఎవరైనా నమ్మకంగా చెప్పగలరా? నేర్పిందని నేనూ తేల్చి చెప్పలేను. కానీ ముప్పై, నలభై ఏళ్ళ క్లైమాక్సులు ముందేసుకుని, కోర్టు సీన్లు ఎప్పుడు తగ్గాయి, తుపాకీ ఎప్పుడు పెరిగింది, ఏ కులం, ఏ ఊరు, ఏ యాస ఉన్నవాడు చనిపోతుంటే మనం ఈల వేస్తున్నాం అని ఓపిగ్గా చూసే మనిషి కావాలి. శుక్రవారం సాయంత్రానికి రివ్యూ ఇవ్వాల్సిన మనిషికి అది కుదరదు. ఆ పనికి ఆరు నెలలు పడుతుంది. మనలో ఒక్కరికైనా ఆ ఆరు నెలలు దొరకాలి, దానికి ఎడిటర్లు సహకరించాలి.

తెర వెనక విషయాలు క్లుప్తంగా చెబుతాను. 2025 ఆగస్టులో సినీ కార్మికులు 30 శాతం వేతనం పెంచమని సమ్మె చేస్తే రెండు వారాలకు పైగా షూటింగులు ఆగిపోయాయి. ఫలానా హీరో సినిమా వాయిదా పడుతుందా అనే కోణంలోనే ఎక్కువ రాశాం. లైట్ మోసేవాళ్ళ రోజుకూలి ఎంతో మన పాఠకులకి తెలిసిందా? కేరళలో, మలయాళ సినిమా రంగంలో మహిళల పరిస్థితి మీద హేమ కమిటీ నివేదిక 2024 ఆగస్టులో బయటికి వచ్చినప్పుడు, లైంగిక వేధింపుల మీద ఇక్కడి ఉపసంఘం ఇచ్చిన నివేదికను కూడా బయట పెట్టమని తెలుగు పరిశ్రమలోని మహిళలు తెలంగాణ ప్రభుత్వాన్ని అడిగారు. రెండు రోజులు వార్త నడిచింది. తర్వాత మళ్ళీ ఎవరి పెళ్ళి, ఎవరి విడాకులు, ఎవరు ఎయిర్‌పోర్టులో ఎవరితో కనపడ్డారు. ఈ చివరి రకం మాత్రం పూర్తిగా మానేద్దామని నా ప్రార్థన. అది విమర్శ కాదు, సినిమా కూడా కాదు.

ఒక పాత తప్పు కూడా ఇక్కడే ఒప్పుకోవాలి. ఏడేళ్ళ కింద ఒక చిన్న సినిమా వచ్చింది. హీరో కొత్త, డైరెక్టర్ కొత్త. ఇంటర్వెల్‌కి లేచి వచ్చేశాను. ఒకటిన్నర రేటింగ్ ఇచ్చి, "టైం వేస్ట్" అని రాశాను. అదే నెలలో వచ్చిన పెద్ద హీరో సినిమా అంతకన్నా నీరసంగా ఉంటే, "అభిమానులను అలరిస్తుంది" అని మెత్తగా ముగించాను. రెండు నెలల తర్వాత యూసుఫ్‌గూడలో ఒక టీ కొట్టు దగ్గర ఆ చిన్న సినిమా డైరెక్టర్ కలిశాడు. తిట్టలేదు. "మీరు సెకండాఫ్ చూడలేదు కదండీ, ఆ రోజు నేను మీ వెనక వరసలోనే కూర్చున్నా" అన్నాడు. ఇంకేమీ అనలేదు. అత్తమ్మ అడిగిందీ, ఆ అబ్బాయి అన్నదీ ఒకే మాట. తిరిగి మాట అనలేని వాళ్ళ మీద గట్టిగా, అనగలిగిన వాళ్ళ మీద మెత్తగా రాయడం నాకెంత అలవాటైపోయిందో ఆ రోజు తెలిసింది. చిన్న సినిమా బాగాలేకపోతే బాగాలేదనే రాయాలి, అందులో జాలి చూపించనక్కర్లేదు. మొత్తం చూసి రాయాలి. అంత సమయం లేకపోతే ఆ సినిమాను వదిలేసి, చూడగలిగిన ఇంకోదాన్ని ఎంచుకోవాలి.

దేన్ని ఎంచుకోవాలని నన్ను అడిగితే, మీకు దగ్గరగా తెలిసినదాన్ని ఎంచుకోండి అంటాను. ప్రభుత్వ ఆసుపత్రిలో నర్సుగా చేసే నా స్నేహితురాలు ఒకసారి చెప్పింది. సినిమాల్లో మానిటర్ మీద గీత ఎత్తుపల్లాలు లేకుండా సమంగా అయిపోగానే డాక్టర్ కరెంటు షాక్ ఇస్తాడు, రోగి లేచి కూర్చుంటాడు. నిజానికి గుండె పూర్తిగా ఆగి గీత అలా అయిపోయినప్పుడు షాక్ పనిచేయదు. అది గుండె లయ తప్పి అదురుతున్నప్పుడు ఇచ్చేది. ఆగిపోతే ఛాతీ మీద నొక్కుతూ ఉండాలి, మందు ఇవ్వాలి. వార్డులో ఆ గీత చూసి, "షాక్ ఇయ్యరేంది, మా నాయినను చంపేసిన్రు" అని డాక్టర్ల మీదికి వెళ్ళిన కొడుకును ఆమె చూసింది. ఆ కొడుకు ఎక్కడ నేర్చుకున్నాడు ఆ మాట? తెలుగు సినిమాల్లో ఆసుపత్రి గురించి ఆమె రాస్తే నాకన్నా వందరెట్లు బాగా రాస్తుంది. కోర్టు సీన్ల గురించి నాంపల్లి కోర్టులో ప్రాక్టీసు చేసే లాయరు, బడి సీన్ల గురించి సర్కారు బడి టీచరు, కారు ఛేజుల గురించి రాత్రిపూట ఎయిర్‌పోర్టు రోడ్డులో క్యాబ్ నడిపే డ్రైవరు రాయాలి. ఎడిటర్లు వాళ్ళని అడగండి. మనం పక్కన కూర్చుని వాక్యాలు సరిచేసి పెడదాం.

అలాగని ప్రతిదీ సమస్య గురించే ఉండాలని కాదు. ప్రేమతో రాయాల్సినవీ ఎన్నో ఉన్నాయి. మనం చిన్నప్పటి నుంచి వింటున్న హీరోయిన్ల గొంతుల్లో సగం వాళ్ళవి కావు. చీకటి గదిలో మైకు ముందు నిలబడి, ఇంకొకరి పెదవుల కదలికకి తన ఏడుపును, నవ్వును అతికించిన డబ్బింగ్ కళాకారిణి గురించి ఎన్ని వ్యాసాలు వచ్చాయి? ఒకే గొంతు ఈ వారం అమాయకురాలిగా, వచ్చే వారం పొగరుబోతుగా ఎలా మారుతుందో చెవి పెట్టి విని రాస్తే ఎంత బాగుంటుంది. నాకు చాలా ఇష్టమైన విషయం అది. రాయాలని పదేళ్ళుగా అనుకుంటున్నాను. ప్రతివారం శుక్రవారం అడ్డొచ్చింది.

ఇప్పుడు నా విన్నపం. సాయంత్రం ఆరు నుంచి పది దాకా మన నాలుగు పెద్ద వినోద చానెళ్ళలో అరగంటకొకటి చొప్పున లెక్కేస్తే 32 స్లాట్లు. వార్తలు, ఇంకేవైనా తీసేసినా ఇరవై ఐదుకు తగ్గవు. మనం రివ్యూలు రాసేవాళ్ళం ఈ నగరంలో అంతకన్నా ఎక్కువే ఉన్నాం. ఒక్కొక్కరం ఒక్కో స్లాట్ తీసుకుందాం. మూడు నెలలు వదలకుండా చూద్దాం. వెక్కిరించకుండా, మొత్తం చూసి, ఇంట్లో ఎవరు పక్కన కూర్చుని చూస్తున్నారో వాళ్ళ మాటలు కూడా రాసుకుందాం. మూడు నెలల తర్వాత ఒక ఆదివారం అందరం కలిసి ఎవరి నోటు పుస్తకం వాళ్ళు తెచ్చుకుని కూర్చుందాం. చోటు కోసం వెతకనక్కర్లేదు, మా ఇంటి డాబా మీద ముప్పై మంది పడతారు. ఎడిటర్లు వారానికి ఒక్క అర పేజీ ఇవ్వండి. పెద్ద సినిమా ఉన్న వారం కూడా ఆ అర పేజీ తీసేయకండి.

ఆరున్నర స్లాట్ నేను తీసుకున్నాను. అత్తమ్మ అప్పుడే చూడటం మొదలుపెడతారు, మాట్లాడటం కూడా. మిగతావాటిలో మీకేది కావాలో చెప్పండి.

ఇట్లు,
రాంనగర్ నుంచి మీతోపాటు రివ్యూలు రాసే ఒక మనిషి
హైదరాబాద్